మొసలి కన్నీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొసలి కన్నీరు కార్చడం అంటే సరిగ్గా ఏమిటి?

లోపల లేని దుఃఖాన్ని పైకి నటించడం అని నిఘంటువులు చెబుతాయి. ఆ అర్థం తప్పు కాదు గాని, సగమే. ఈ మాటకు పదును ఎక్కడినుంచి వస్తుందంటే, ఏడుస్తున్నవాడే ఆ కీడు చేసినవాడో, దానివల్ల లాభపడినవాడో కావడం నుంచి వస్తుంది. ఊరి చెరువును పూడ్చి ప్లాట్లు వేసి అమ్ముకున్న పెద్దమనిషే, ఎండాకాలం రాగానే మైకు పట్టుకుని “బోర్లన్నీ ఎండిపోతుంటే గుండె తరుక్కుపోతోంది” అన్నాడనుకోండి, అది మొసలి కన్నీరు. పరీక్ష తప్పిన పక్కింటి కుర్రవాణ్ణి చూసి మర్యాదకు “అయ్యో పాపం” అనడం పైపై సానుభూతి మాత్రమే. అక్కడ మొసలి లేదు, ఎందుకంటే తిన్నవాడు ఎవడూ లేడు.

అయితే దొంగ ఏడుపుకూ దీనికీ తేడా ఉందా?

ఉంది. మొసలి కన్నీరంతా దొంగ ఏడుపే, కాని దొంగ ఏడుపంతా మొసలి కన్నీరు కాదు. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని ఏడ్చే పిల్లవాడిది దొంగ ఏడుపు. ఆ పిల్లవాడు ఎవరికీ హాని చేయలేదు, ఎవరిమీదా జాలి నటించడం లేదు, తన పని గడుపుకొంటున్నాడంతే. మొసలి కన్నీటిలో ఇంకొకరి కష్టం తప్పకుండా ఉంటుంది, ఆ కష్టం మీద చూపే జాలే బూటకం. పత్రికల్లో ఈ రెండింటినీ కలిపేస్తున్నారు గాని, తేడా పాటిస్తేనే మాటకు బలం ఉంటుందని నా అభిప్రాయం.

ఈ నమ్మకం మొదట ఎక్కడ పుట్టింది?

మొసళ్లున్న నైలు నది ఒడ్డునే పుట్టి ఉంటుందని అనుకోవడం సహజం. అయితే క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో ఈజిప్టు గురించి రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ మొసలిని చాలా వివరంగా వర్ణించి కూడా ఏడుపు ఊసెత్తలేదు. దానికి నాలుక లేదన్నాడు, కింది దవడ కాక పై దవడ కదుపుతుందన్నాడు. ఈ రెండూ తప్పులే. తరువాతి రాతల్లో మొసలి ఏడుపు కథతో పాటు ఈ తప్పులూ విడవకుండా ప్రయాణం చేశాయి కనుక వీటిని గుర్తుంచుకోవాలి.

ఏడుపు కథ స్పష్టంగా కనిపించేది క్రైస్తవ ప్రబోధాలలో. క్రీస్తు శకం 400 ప్రాంతంలో, నేటి తుర్కియేలో ఉన్న అమాసియా పట్టణానికి బిషప్పుగా ఉన్న ఆస్టీరియస్, ఉపవాస దినాల గురించి ప్రసంగిస్తూ, పశ్చాత్తాపం లేకుండా ఉపవాసం చేసేవారిని నైలు మొసళ్లతో పోల్చాడు. ఆ మొసళ్లు తాము తిన్న మనుషుల తలల దగ్గర కూర్చుని విలపిస్తాయట. ఆయన అక్కడితో ఆగలేదు: అవి ఏడ్చేది చేసిన పనికి బాధపడి కాదని, తలమీద తినడానికి తగినంత మాంసం లేదనే దిగులుతోనని తనకు తోస్తోందని అన్నాడు. ఈ ప్రసంగ భాగం నేడు మనకు దొరకడానికి కారణం 9వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతిగా ఉన్న ఫోటియస్, తాను చదివిన పుస్తకాల సారాంశాలు రాసి పెట్టుకోవడమే. తరువాత వచ్చిన కథలలో ఏ ఒక్కటీ ఈ వెటకారం ముందు నిలవదు.

13వ శతాబ్దంలో బార్తలోమియో అనే ఆంగ్ల ఫ్రాన్సిస్కన్ సన్యాసి లాటిన్‌లో కూర్చిన విజ్ఞాన సర్వస్వంలో మొసలి మనిషిని చంపి, అతని మీద ఏడ్చి, ఆ తరువాత మింగుతుందని రాశాడు. 14వ శతాబ్దంలో సర్ జాన్ మాండవిల్ పేరుతో వెలువడిన యాత్రా గ్రంథం ఈ కథను యూరప్ అంతటా ప్రచారం చేసింది. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, మనుషులను చంపి ఏడుస్తూ తినే ఆ మొసళ్లు నైలులో కాదు, ఇండియా అంతటా విస్తారంగా ఉన్నాయని ఆ గ్రంథం చెప్పింది. ఆ వెంటనే అవి పై దవడే కదుపుతాయని, వాటికి నాలుక లేదని కూడా రాసింది. హెరోడోటస్ తప్పులు పద్దెనిమిది వందల ఏళ్ల తరువాత కూడా చెక్కుచెదరలేదన్నమాట.

ఆంగ్లంలో ఇది జాతీయంగా ఎప్పుడు స్థిరపడింది?

16వ శతాబ్దంలో. అప్పటికి లాటిన్ చదువుకున్నవారికి ఇది సామెతగా తెలుసు. డచ్చి పండితుడు ఎరాస్మస్ తన సామెతల సంపుటిలో దీన్ని చేర్చాడు. లండన్ బిషప్పుగా ఉండి ఆ తరువాత కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పు అయిన ఎడ్మండ్ గ్రిండల్, 1563 నాటి ఒక లేఖలో ఒక వ్యక్తి వినయం కపట వినయమేమో, అతని కన్నీళ్లు మొసలి కన్నీళ్లేమో అని తన అనుమానం వెలిబుచ్చాడు. మొసలి ఎలా ఉంటుందో, ఎందుకు ఏడుస్తుందో వివరించవలసిన అవసరం ఆయనకు కలగలేదు. చదివేవారికి అప్పటికే తెలుసు.

దాదాపు అదే కాలంలో, 1564–65లో ఆంగ్ల నావికుడు జాన్ హాకిన్స్ చేసిన రెండవ సముద్ర యాత్రలో పాల్గొన్న జాన్ స్పార్క్ కరీబియన్ తీరంలోని ఒక నదిలో మొసళ్లను చూసి ఆ వివరాలు రాసిపెట్టాడు. అతని కథ వేరు. తిన్నాక ఏడవడం కాదు, తినడానికే ఏడవడం: మొసలి మనిషిలాగా వెక్కి వెక్కి ఏడ్చి, జాలిపడి దగ్గరకు వచ్చినవాణ్ణి పట్టుకుంటుంది. ఆడవాళ్లు ఏడ్చినప్పుడు వాడే లాటిన్ సామెత ఇందులోంచే వచ్చిందని, ఆడది ఏడ్చేది చాలావరకు మోసగించడానికేనని అతను దానికి వ్యాఖ్యానం జోడించాడు. నీళ్లు ముంచుకోవడానికి నదిలో దిగిన ఒక నల్లజాతి మనిషిని మొసలి ఎత్తుకుపోయిందని కూడా అతనే రాశాడు. ఆ ఓడలు ఆఫ్రికా నుంచి మనుషులను పట్టి తెచ్చి ఆ తీరాలలో బానిసలుగా అమ్ముతున్న ఓడలు. వాటి మీద ప్రయాణిస్తూ మొసలి కపటం గురించి రాయడంలో ఉన్న ఎత్తిపొడుపు స్పార్క్‌కు తట్టినట్టు లేదు.

షేక్‌స్పియర్ ఈ మాటను పుట్టించాడంటారు, నిజమేనా?

కాదు. పైన చెప్పిన తేదీలను బట్టి చూస్తే షేక్‌స్పియర్ 1564లో పుట్టేనాటికే ఈ మాట వాడుకలో ఉంది. కాని జనం నోళ్లలో నిలబెట్టినవారిలో ఆయనా ఉన్నాడు. ఆరవ హెన్రీ రాజు గురించిన నాటకాలలో రెండవదానిలో రాణి మార్గరెట్, గ్లాస్టర్ ప్రభువు పైకి కనిపించే మంచితనం బాటసారులను దుఃఖంతో వలలో వేసే మొసలి లాంటిదని అంటుంది. ఇది స్పార్క్ చెప్పిన ఎర కథ. ఆంటొనీ, క్లియోపాత్రల నాటకంలో మొసలి ఎలా ఉంటుందని తాగిన మైకంలో లెపిడస్ అడిగితే, అది దానిలాగే ఉంటుందని, దాని వెడల్పు ఎంతో అంతే వెడల్పు ఉంటుందని ఆంటొనీ నవ్వులాటకు జవాబిస్తాడు. చివరకు దాని కన్నీళ్లు తడిగా ఉంటాయంటాడు.

అన్నిటికంటే బరువైన చోటు ఒథెల్లో నాటకంలో ఉంది. అందరి ఎదుటా భార్య డెస్డిమోనాను కొట్టి, ఆమె ఏడుస్తుంటే, ఆమె కార్చే ఒక్కొక్క బొట్టు నేలమీద పడి మొసలి అవుతుందంటాడు ఒథెల్లో. ఆమె ఏ పాపమూ ఎరుగదని ప్రేక్షకులకు తెలుసు. ఆ కన్నీళ్లు నిజమైనవి, నమ్మనివాడిదే తప్పు.

ఇంతకీ మొసలి నిజంగా ఏడుస్తుందా?

కన్నీరు కారుస్తుంది, ఏడవదు. మొసలికి కన్నీటి గ్రంథులు ఉన్నాయి. పై రెప్ప, కింది రెప్ప కాక, కంటి మూలనుంచి అడ్డంగా జారే పలుచని మూడో రెప్ప కూడా ఉంది. ఆ రెప్ప కింద కన్ను తడిగా ఉండడానికి, శుభ్రపడడానికి కన్నీరు అవసరం. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యంలో బండమీద నోరు తెరుచుకుని ఎండ కాగే మొసలిని దుర్భిణిలో కాసేపు చూస్తే, ఆ రెప్ప కంటిమీద తెరలా పాకి మళ్లీ వెనక్కి పోవడం కనిపిస్తుంది. చాలాసేపు నీటికి దూరంగా ఉన్నప్పుడు కంటి అంచున తడి చేరుతుంది. దుఃఖానికీ దానికీ సంబంధం లేదు.

మరి తింటూ ఏడుస్తుందన్న మాట? ఇది తేల్చడం అనుకున్నంత సులువు కాదు, ఎందుకంటే మొసలి మామూలుగా నీళ్లలో తింటుంది. తల నిండా నీళ్లు కారుతున్నప్పుడు కన్నీరు ఏదో ఎలా తెలుస్తుంది? ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో ఉన్న ఎలిగేటర్ల ఉద్యానంలో కొన్నిటిని నేలమీదకు వచ్చి తినేటట్టు అలవాటు చేశారు. మాల్కమ్ షేనర్ అనే నాడీ వైద్యుడు, కెంట్ వ్లియట్ అనే జంతు శాస్త్రవేత్త అక్కడ ఏడు జంతువులు తింటుండగా వీడియో తీసి, ఫలితాలను 2007లో బయోసైన్స్ పత్రికలో ప్రచురించారు. ఏడింటిలో ఐదింటికి తినేటప్పుడో, తినడానికి ముందో, తిన్నాకో కళ్లు చెమర్చాయి. కొన్నిటి కళ్లలో నురుగు, బుడగలు కూడా వచ్చాయి. అయితే అవి మొసళ్లు కావు, వాటి దగ్గరి చుట్టాలైన ఎలిగేటర్లు, కేమన్‌లు. తినేటప్పుడు బుసలు కొడుతూ ఊపిరి వదలడంవల్ల ముక్కు పక్క గదులలోని గాలి కన్నీటిని బయటకు నెట్టి ఉండవచ్చని వ్లియట్ భావించాడు. అంటే మాండవిల్ పేరు పెట్టుకున్నవాడు చూడకుండా రాసినా, ఏడుస్తూ తింటాయన్న మాటలో కొంత నిజం ఉంది. పశ్చాత్తాపమొక్కటే కల్పన.

ఒంట్లోని ఉప్పు వదిలించుకోవడానికి మొసలి ఏడుస్తుందంటారు కదా?

ఆ మాట సముద్రపు తాబేళ్లకు సరిపోతుంది. వాటి కంటి దగ్గరి గ్రంథులు ఉప్పునీటిని నిజంగానే బయటకు పంపుతాయి. మొసళ్లకు ఆ పని చేసే గ్రంథులు నాలుకమీద ఉన్నాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1981లో చూపారు. నాలుకే లేదని శతాబ్దాల తరబడి రాసిన జంతువుకు ఉప్పు గ్రంథులు సరిగ్గా నాలుకమీదే బయటపడడం తమాషా అయిన విషయం.

ఇదే పేరుతో ఒక జబ్బు ఉందని విన్నాము. ఏమిటది?

క్రొకడైల్ టియర్స్ సిండ్రోమ్. దీన్ని 1928లో వర్ణించిన రష్యా నాడీ వైద్యుడి పేరు మీదుగా బొగొరాద్ సిండ్రోమ్ అని కూడా అంటారు. బెల్స్ పాల్సీ వల్ల, అంటే మనవాళ్లు మూతి వంకర పోయిందనే జబ్బువల్ల ముఖనాడి దెబ్బతిని, తిరిగి కోలుకొనేటప్పుడు కొందరిలో ఇది వస్తుంది. లాలాజల గ్రంథికి వెళ్లవలసిన నాడీ తంతువులు కొత్తగా పెరుగుతూ దారి తప్పి కన్నీటి గ్రంథిని చేరుకుంటాయి. దానితో నోరూరవలసినప్పుడల్లా ఆ వైపు కంట నీరు కారుతుంది. పెళ్లి పంక్తిలో ఆవకాయ కలుపుకొని మొదటి ముద్ద పెట్టుకోగానే ఒక్క కన్ను మాత్రమే ధారగా కారుతుంటే, పక్కన కూర్చున్నవారు “ఏమైందండీ, కారమా?” అని అడుగుతారు. కారమూ కాదు, దుఃఖమూ కాదు. కన్నీటి గ్రంథిలోకి బొటులినమ్ (బొటాక్స్) ఇంజెక్షన్ ఇచ్చి దీన్ని అదుపు చేయవచ్చు. ఈ రోగి కన్నీటిలో కపటం లేశమైనా లేదు కనుక, ఈ జబ్బుకు ఆ పేరు పెట్టడం కొంచెం అన్యాయమే. తింటూ కన్నీరు కార్చడం అన్న ఒక్క పోలికే ఇక్కడ పనిచేసింది.

మొసలి కన్నీరు తెలుగువారి సొంత మాటేనా?

వింటే సొంత మాటలాగే ఉంటుంది, ఇప్పుడు సొంతమే కూడా. కాని మన పాత సాహిత్యంలో మొసలికి ఉన్న గుణం వేరు. పోతన గజేంద్ర మోక్షణంలో మకరి పట్టు విడవని బలశాలి. వేమన పద్యంలో నీళ్లలో ఏనుగునే లాగే మొసలి, గట్టుమీదికి వస్తే కుక్క చేతిలో భంగపడుతుంది. స్థానబలిమికి అది ఉదాహరణ. కోతి గుండెకాయ కోరిన మొసలి కథలో నమ్మకద్రోహం ఉన్నా, మొసలి అనగానే కన్నీరు గుర్తుకువచ్చేటట్టు ఆ కథ చేయలేదు. మంజీరాలో, కిన్నెరసానిలో, కృష్ణలో మొసళ్లను చూస్తూ బతికినవారికి వాటి పట్టు, బలం తెలిసినంతగా వాటి ఏడుపు తెలియదు.

తమిళం, కన్నడం, మలయాళం, హిందీ భాషలలో కూడా ఇదే మాట ఇదే అర్థంతో ఉంది. మరాఠీలో నక్రాశ్రువులు అని, బెంగాలీలో కుంభీరాశ్రువులు అని సంస్కృత సమాసాలుగా మారింది. ఫ్రెంచి, జర్మన్, అరబ్బీలలోనూ ఉంది. ఇన్ని భాషలలో ఒకే బొమ్మ, ఒకే అర్థం ఉండడం, మన పాత కావ్యాలలో దాని జాడ కనిపించకపోవడం చూస్తే, ఆంగ్ల చదువులతో, పత్రికలతో ఇది మన భాషలలోకి అనువాదమై దిగిందని నేను అనుకుంటాను.

దీనికి సరితూగే సామెత మనకు ముందునుంచీ ఉందా?

ఉంది, ఇంకా బాగుంది: “గొర్రెలు తడిశాయని తోడేలు ఏడ్చిందట.” తోడేలుకు గొర్రెల మీద ఉన్న ప్రేమ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. తినేవాడే జాలి చూపడం అన్న కీలకం ఇందులో పూర్తిగా ఉంది, నవ్వు అదనం. “అత్త చచ్చిన ఆరు మాసాలకు కోడలి కంట నీరు కారిందట” అన్నది దీనికి దగ్గరిదే గాని, అందులో ఆలస్యానిదే పెద్ద పాత్ర. ఆ కోడలు అత్తను చంపిందని ఎవరూ అనలేదు.

ఇక్కడ ఇంకొకటి గమనించాలి. స్పార్క్ లాంటి ఆంగ్లేయులు ఈ మాటను ఏడ్చే ఆడవారికి అంటగడితే, తెలుగు సామెత “నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు” అంటూ ఏడ్చే మగవాణ్ణి అనుమానించింది. రెండూ ఒకే రకం దురభిప్రాయాలే, ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి.

“ముసలి కన్నీరు” అని రాయవచ్చా?

రాయకూడదు. కొందరు మాట్లాడేటప్పుడు మొసలిని ముసలి అని పలకడం, అదే రాతలోకి రావడం తరచుగా జరుగుతోంది. రాసినప్పుడు అర్థం ముసలివారి కన్నీరుగా మారిపోతుంది. అవి ఈ లోకంలో అన్నిటికంటే నిజమైన కన్నీళ్లు కావచ్చు.

ఆంగ్ల వాక్యంలో దీన్ని ఎలా వాడాలి?

ఆంగ్లంలో ఇది ఎప్పుడూ బహువచనమే: క్రొకడైల్ టియర్స్. ఒక్క చుక్క అన్నట్టుగా ఏకవచనంలో వాడితే వింతగా ఉంటుంది. మొసలి అన్న మాటకు మాత్రం బహువచనం చేర్చరు. దీనితో ఎక్కువగా వచ్చే క్రియ షెడ్. వీప్, క్రై కూడా వాడతారు. పోటీ పరీక్షలలో దీని అర్థం అడిగినప్పుడు “బిగ్గరగా ఏడవడం”, “ఎక్కువగా ఏడవడం” అనే జవాబులు ఉచ్చులుగా ఉంటాయి. కపట దుఃఖం అన్నది సరైన జవాబు. తెలుగులో కార్చడం అన్న క్రియ దీనికి స్థిరపడిపోయింది. “రైతులపై మొసలి కన్నీరు” అని పత్రికలు క్రియ లేకుండా శీర్షిక పెట్టినా చదివేవారు కార్చడాన్ని తామే పూరించుకుంటారు.

దీన్ని ఎప్పుడు వాడకూడదు?

ఎదుటివాడి ఏడుపు బూటకమని తెలియనప్పుడు. ఈ మాట వర్ణన కాదు, నేరారోపణ. అసెంబ్లీలోనో, బహిరంగ సభలోనో ఒక పక్షంవారు మరొక పక్షంవారిని అన్నప్పుడు అది వాదనలో భాగం; విన్నవారు తూకం వేసుకుంటారు. చావు ఇంట్లో, విడాకుల గొడవలో, ఆసుపత్రి వరండాలో ఒక మనిషి ముఖం మీద అంటే ఆ గాయం మానదు. చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన పోయినప్పుడు, ఏళ్ల తరబడి ఆయనతో మాట్లాడని తమ్ముడు వచ్చి గుమ్మంలో కూలబడి ఏడిస్తే, “ఇప్పుడెందుకీ మొసలి కన్నీళ్లు?” అని ఎవరో గట్టిగానే అన్నారు. ఆయన ఏడుపు ఆపి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అంత్యక్రియలు పూర్తయ్యేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అన్నవారు ఒథెల్లో చేసిన తప్పే చేశారని నాకు చాలా ఏళ్ల తరువాత తట్టింది.

ఆంగ్లంలో ఈ మాట కనిపించిన ప్రతిచోటా తెలుగులో మొసలి కన్నీరు అనే అనువదించాలా?

అక్కరలేదు. బిస్కెట్ ఇవ్వలేదని కళ్లు నలుపుకుంటూ, వేళ్ల సందులోంచి తల్లి ముఖం చూసే మూడేళ్ల పాప గురించి ఆంగ్లంలో ముద్దుగా క్రొకడైల్ టియర్స్ అంటారు. తెలుగు తల్లి ఆ పాపను మొసలి అనదు. “చాల్లే నీ దొంగ ఏడుపు, రా” అని బిస్కెట్ డబ్బా మూత తీస్తుంది. అనువాదంలో కూడా అదే రాయాలి.